పచ్చగన్నేరు కంచె నీలకంఠుడు

పసుపువలస కొండవాలున వెలసిన నీలకంఠేశ్వరుని గుడికి వచ్చే భక్తులకు ముందుగా కనబడేది గోపురం కాదు, పచ్చగన్నేరు. గుడి చుట్టూ ఎత్తైన రాతి కంచె, కంచె లోపల గంటల్లాంటి పసుపు పూలు. ముచ్చటపడి ఒకటి తెంపబోయారో, పూజారి గద్దింపు వినబడుతుంది. ఈ క్షేత్రంలో పూలు స్వామికి మాత్రమే. ఇంటికి పట్టుకెళ్లే ప్రసాదం బెల్లం ముక్క.

పూర్వం ఇక్కడ కంచె లేదు, గన్నేరూ లేదు. ఆ చెట్లన్నీ ఊళ్లో ఇంటింటి పెరట్లో ఉండేవి. స్వామి పూలచెట్టు కనుక కొమ్మ విరిస్తేనే అరిష్టమని ఊరి నమ్మకం. పెద్దకాపు పైడయ్య పెరట్లోదైతే ఇంటికప్పునే మించిపోయింది. రోజూ బుట్టెడు పూలు స్వామికి పంపుతానని ఆయన మొక్కు.

ఆయన కోడలు అచ్చియ్యమ్మ. ఒకనాడు ఆమె కూతురు నూకాలు ఆ చెట్టుకింద గుజ్జనగూళ్లు ఆడుకుంటూ, రాలిన కాయ పగలగొట్టి బొమ్మకు తినిపించి, తానూ నమిలింది. వాంతులు పట్టుకున్నాయి, గుండె తడబడింది. చావు అంచుదాకా వెళ్లిన పిల్ల, వైద్యుడు చేతనైనదంతా చేశాక తిరిగొచ్చింది.

"సామి కాపాడాడు," అన్నాడు పైడయ్య కళ్లొత్తుకుంటూ.

"సంతోషం మావయ్యా. ఆ చెట్టు నుంచి కూడా కాపాడమనండి."

ఉయ్యాల్లో చంటివాడు అప్పుడే బోర్లా పడుతున్నాడు. రేపో మాపో పెరట్లోకి దోగాడతాడు. అచ్చియ్యమ్మ గునపం తీసింది. ఊరంతా గోడల మీద తలలు పెట్టి చూసింది.

"ఏటి కోడలా, సామి చెట్టు మీద గునపమా!" అన్నాడు పైడయ్య.

"సామి విషం మింగి గొంతులో నిలుపుకున్నాడు మావయ్యా. నా పిల్లలకి ఆ గొంతు లేదు."

చెట్టును వేళ్లతో సహా పెకలించి గానీ ఆమె నడుం ఎత్తలేదు.

అలసిపోయి చావిట్లో కునుకు తీస్తే, స్వామి పట్టపగలే కలలోకి వచ్చాడు. "నా పూలేవమ్మా?" అని అడిగాడు. ఇంకొకరైతే కాళ్లమీద పడేవారు. అచ్చియ్యమ్మ కొంగు బిగించింది.

"పూలు నీకు, కాయలు నా పిల్లలకీనా? అంత ముద్దయితే నీ వాకిట్లోనే పెంచుకో సామీ. కంచె కట్టుకో, కాపలా కూడా నువ్వే కాసుకో."

స్వామి పకపకా నవ్వాడట. "విషం దాచుకోవడం నాకు కొత్తా? తెచ్చిపెట్టు. మీదొక్కటే కాదు, ఊళ్లోవన్నీ."

లేచి చెబితే ఎవరూ నమ్మలేదు. అంతలో అరుగు మీద పడుకున్న పైడయ్య కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "నిజమే. కలలో నేనూ అక్కడే ఓ మూల నిలబడ్డాను. నన్నెవరూ పలకరించలేదు," అని మూతి ముడుచుకున్నాడు. ఆపైన పెకలించిన చెట్టును తానే భుజానికెత్తుకుని కొండెక్కాడు. వెనకాలే ఊరంతా తమ తమ చెట్లతో కదిలింది. అన్నిటినీ గుడి చుట్టూ నాటి, రాతి కంచె కట్టారు. నాటి నుంచి స్వామికి కంచె నీలకంఠుడని పేరు.

నేటికీ ఈ ప్రాంతంలో బిడ్డ బోర్లా పడగానే తల్లి పెరడంతా వెతుకుతుంది. గన్నేరో ఉమ్మెత్తో కనబడితే తవ్వించి ఇక్కడికి తెస్తారు. మోయవలసింది మావగారే, నడుంనొప్పి సాకులు చెల్లవు. బదులుగా గుడివారు మల్లెమొక్క ఇస్తారు. రాలిన కాయలను పూజారి ఏరి గోతిలో పూడుస్తాడే గానీ కాల్చడు, ఆ పొగా మంచిది కాదు. పొరపాటున ఏ బిడ్డయినా కాయ నమిలితే మొక్కంటూ కొండెక్కకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. కొబ్బరికాయ కోసం స్వామి ఆగగలడు.

కంచె నీలకంఠుడు మీ పిల్లాపాపల్ని చల్లగా చూస్తాడు. పెరడు మాత్రం మీరే చూసుకోవాలి.