తెడ్డుపాలెం వాళ్ళు కప్పు గెలిచిన వైనం

తెడ్డుపాలెంలో మాసేనయ్య ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అన్నారు. అడిగినవాడికీ చెప్పారు, అడగనివాడికీ చెప్పారు. అన్నదమ్ములూ, చిన్నాన్న కొడుకులూ కలిపి పదకొండు మంది మగాళ్ళు ఆ ఇంట్లో. సముద్రం మీద వేట వాళ్ళ పని, ఫుట్‌బాల్ వాళ్ళ పిచ్చి. జట్టుకి సరిపడా మనుషులు ఒక్క ఇంట్లోనే దొరికినప్పుడు బయటికెళ్ళి వెతకడం దేనికని వాళ్ళే జట్టు కట్టేశారు. బయటివాణ్ణి చేర్చుకుంటే తమ తెలివి వాడికి అంటుకుపోతుందని మాసేనయ్యకి ఒకటే భయం.

మాసేనయ్య అందరిలోకీ పెద్ద. గోలు దగ్గర నిలబడేది ఆయనే. ఆయన తమ్ముడు తాతీలు ముందుండి ఆడతాడు. వాడు తన్నిన బంతి ఎటు పోతుందో వాడికే తెలీదు గానీ, పోవడం మాత్రం తుపాకీ గుండులా పోతుంది.

ఇక వీళ్ళ ఆట సంగతి చెప్పాలి. వలవేటగాళ్ళు కదా, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాళ్ళకి తెలిసిన న్యాయం ఒక్కటే. ఎవరి వలలో పడింది వాళ్ళది. మైదానంలో గోలు కర్రలకి వల కట్టి ఉండడం చూశారు. ఇంకేముంది, ఆట మొత్తం అర్థమైపోయింది. మన వల మన వెనకాలుంది, అందులో ఎన్ని బంతులు పడితే అంత లాభం. అవతలివాళ్ళు బంతి తన్నుకుంటూ వస్తుంటే మాసేనయ్య మర్యాదగా పక్కకి తప్పుకుని, రా తల్లీ రా అని చేత్తో పిలిచేవాడు. వల నోటికి అడ్డంగా నిలబడి చేపల్ని ఆపే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా అని ఆయన వాదన. బంతి లోపల పడగానే తమ్ముళ్ళు పదిమందీ పరిగెత్తుకొచ్చి ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకునేవారు. చూడ్డానికొచ్చిన జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వీళ్ళు అది మెచ్చుకోలనుకునేవారు.

"ఈ తీరం పొడుగునా నా వలలో పడ్డన్ని బంతులు ఇంకెవడి వలలోనూ పడలేదు" అని మాసేనయ్య మీసం దువ్వుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు లెండి.

ఏటా దీపావళి వెళ్ళాక చుట్టుపక్కల పాలేలన్నీ కలిసి పోటీ పెట్టుకుంటాయి. గెలిచినవాళ్ళకి బిందెంత ఇత్తడి కప్పు ఇస్తారు. అది ఎప్పుడూ పక్కనున్న రేవుపాలెం వాళ్ళకే వెళ్ళేది. మనవాళ్ళకి దీని మీద కూడా ఒక అభిప్రాయం ఉంది. పాపం, రేవుపాలెం వాళ్ళ వల ఎప్పుడు చూసినా ఖాళీ. ఒట్టి చేతులతో ఇంటికి పంపడానికి మనసొప్పక, జాలిపడి ఒక గిన్నె చేతిలో పెట్టి పంపిస్తున్నారు. "పోన్లే, పట్టుకుపోనీండ్రా, గంజైనా కాచుకుంటారు" అనేవాడు మాసేనయ్య.

అంతా బాగానే ఉంది గానీ, తాతీలు వెళ్ళి ప్రేమలో పడ్డాడు. పడితే పడ్డాడు, రేవుపాలెం జట్టు పెద్ద అప్పన్న కూతురు గౌరి మీద పడింది మనసు. గౌరికీ ఇష్టమే. ఎందుకిష్టమని నన్నడక్కండి, ఆ పిల్లకి నవ్వడమంటే సరదా. తాతీలు ధైర్యం చేసి వెళ్ళి అప్పన్ననే అడిగేశాడు. అప్పన్నకి ఫుట్‌బాల్ తర్వాతే అన్నం.

"కప్పు గెలిచిన ఇంటికే నా పిల్లనిస్తానురా తాతీలూ. ఈ ఏడు మీరు గెలిస్తే సరే. లేదంటే మైలవాక ఊరోళ్ళ సంబంధం ఒప్పేసుకుంటాను" అన్నాడు.

తాతీలు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"అన్నా, మనకి కప్పు గావాల" అన్నాడు.

"ఏటికిరా? ఇంట్లో గిన్నెల్లేవా?" అన్నాడు మాసేనయ్య.

"కప్పు లేకపోతే గౌరి లేదు. నీ వలలో ఎన్ని పడితే నాకేటి లాభం? ఆ లెక్క నన్ను పెళ్ళాడతాదా?"

మాసేనయ్యకి రోషం వచ్చేసింది. "ఒరే, కప్పుకేటుంది, ఈ ఏడు ఒకడి ఇంట్లో ఉంటాది, పై ఏడు ఇంకొకడి ఇంట్లో. నా లెక్క నన్నొదిలి పోతాదా? అంతెందుకు, ఆ అప్పన్న అన్నిసార్లు కప్పు పట్టుకుపోయాడు కదా, ఆళ్ళ వలలో ఎన్ని పడ్డాయో చెప్పు."

"ఒకటీ అరా తప్ప ఏటీ పడలేదు."

"అదిగో. అలాంటోణ్ణి పట్టుకుని గొప్పాటగాడంటే నీ నోరు నొప్పెట్టదా?"

అంతే, ఇల్లు రెండుగా చీలిపోయింది. సగం మంది లెక్కే గొప్పన్నారు, సగం మంది కప్పే గొప్పన్నారు. పదకొండు మందిని రెండు సగాలు చెయ్యడం ఎలాగో తెలీక మధ్యలో ఒకడు అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరి తరఫునా అరిచాడు. కాసేపటికి ఎవరు ఏ పక్షమో మర్చిపోయి, లెక్క వాళ్ళు కప్పు కోసం, కప్పు వాళ్ళు లెక్క కోసం కొట్టుకున్నారు. చేపల పులుసు చల్లారిపోయింది.

అప్పుడు వాళ్ళమ్మ దాసమ్మ గరిటె పట్టుకుని లేచింది. ఇంటి తెలివంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిణ్ణి చూస్తే తెలుస్తుంది.

"ఊరుకోండ్రా. కప్పు ఎవరికిస్తున్నారు? వల ఖాళీగా ఉన్నోళ్ళకి. అయితే ఈ ఏడు వలలో ఏటీ పడనివ్వకండి. కప్పొస్తాది, పిల్లొస్తాది. పై ఏడు మళ్ళీ పట్టుకోండి, ఎవరొద్దన్నారు?"

ఇంత చక్కటి తీర్పు కోర్టులో కూడా దొరకదని అందరూ ఒప్పుకున్నారు. మాసేనయ్య కూడా తమ్ముడి మొహం చూసి తలూపాడు.

పోటీకి ముందు అలవాటు కోసం సాలిపేట వాళ్ళతో ఒక ఆట పెట్టుకున్నారు. వలలో ఏమీ పడకూడదంటే ఏం చెయ్యాలి? మాసేనయ్య బాగా ఆలోచించాడు. వల లేకపోతే సరి. ఆట మొదలవుతూనే తమ గోలుకున్న వల విప్పి, చుట్ట చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. సాలిపేట వాళ్ళు కొట్టిన బంతులన్నీ కర్రల మధ్య నుంచి దూసుకెళ్ళి సరుగుడు తోటలో పడ్డాయి. ఆట అయ్యాక మాసేనయ్య చంకలో వల తీసి దులిపి చూపించి, కప్పివ్వమని చెయ్యి చాపాడు. కప్పు రాలేదు సరికదా, తోటలో పోయిన బంతి కూడా ఆయన్నే వెతికి తెమ్మన్నారు.

వీళ్ళ గోల చూడలేక బడిలో డ్రిల్లు నేర్పే ప్రసన్నకుమార్ మాస్టారు వచ్చి చెప్పారు. "మీ వలలో పడకపోతే చాలదయ్యా. బంతి వాళ్ళ వలలో పడాలి. అప్పుడే గెలుపు."

"ఇంతేనా మాస్టారూ, ముందే చెప్పొచ్చు కదా" అన్నారు అందరూ. ఇంకేముంది, మర్నాడు మళ్ళీ సాలిపేట వాళ్ళతోనే పెట్టుకున్న ఆటకి తెల్లారగట్లే మైదానానికి వెళ్ళి, అవతలి గోలుకున్న వల విప్పి తెచ్చి తమ గోలుకి కట్టారు. తమ వల తీసుకెళ్ళి అక్కడ కట్టారు. ఇక మాసేనయ్య పాత పద్ధతిలోనే పక్కకి తప్పుకుని బంతుల్ని పిలవడం మొదలెట్టాడు. పడినవన్నీ వాళ్ళ వలలోనే పడ్డాయి కదా. ఆ రోజు ఎంత తేడాతో ఓడారో చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

మాస్టారు ఈసారి నోటితో చెప్పడం మానేశారు. తాతీలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, సముద్రం వైపున్న గోలు కర్రల దగ్గర నిలబెట్టారు. "ఇదిగో, ఈ రెండు కర్రలు. బంతి ఇక్కడ వెయ్యి. ఏ వల కట్టినా సరే. వాళ్ళ వలలో మీరు వేసింది మీకు లాభం, మీ వలలో పడింది మీకు నష్టం. బుర్రకెక్కిందా?"

తాతీలుకి ఎక్కింది. మాసేనయ్యకి కూడా ఎక్కింది, అదే వచ్చిన చిక్కు. ఆయన ఇసకలో కూలబడ్డాడు.

"మాస్టారూ, మరి ఇన్నేళ్ళూ నేను పట్టినవి?"

"అవన్నీ వాళ్ళవి మాసేనయ్యా."

నవ్వుకోవడానికి చెబుతున్న కథే గానీ, ఆ పూట ఆయన్ని చూస్తే నాకు మనసు కలుక్కుమంది. మీసం కూడా దువ్వుకోలేదు. చివరికి లేచి పంచె దులుపుకుని, "పోతే పోయింది నా లెక్క. తమ్ముడికి పిల్ల దక్కాల" అన్నాడు.

ఆ ఏడు తుపాను దెబ్బకి మిగతా పాలేల వాళ్ళు ఎవరూ రాలేకపోయారు. పోటీకి మిగిలినవి రెండే జట్లు, రేవుపాలెం, తెడ్డుపాలెం. గెలిచినవాళ్ళకి కప్పు. గట్టు మీద ఆడవాళ్ళలో గౌరి ముందు వరసలో కూర్చుంది. తాతీలు ఆ వైపు చూడకుండా ఉండడానికి మెడ నొప్పెట్టేలా తిప్పుకుని ఆడాడు.

మొదటి సగంలో మాత్రం మనవాళ్ళు ఇరగదీశారు. పదిమందీ మాస్టారు చూపించిన కర్రల మీదే పడ్డారు. తాతీలు నాలుగు గోల్స్ కొట్టాడు. ఇటు మాసేనయ్య ఒక్క బంతిని కూడా లోపలికి పోనివ్వలేదు. ఎగిరి పట్టాడు, పడి పట్టాడు, ఒకటి నడుముతో ఆపాడు. అప్పన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

రెండో సగానికి ఈల వేసి, వైపులు మారమన్నారు. మాస్టారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే మాసేనయ్య సముద్రం వైపు గోలులోకి వెళ్ళి నిలబడ్డాడు. మిగతా పదిమందీ కూడా ఆయన వెనకాలే వచ్చి, బంతి ఆయన మీదికే తన్నడం మొదలెట్టారు.

"ఒరే, నేనున్నానురా ఇక్కడ" అన్నాడు మాసేనయ్య.

"తప్పుకో అన్నా. మాస్టారు చూపించిన కర్రలివే. ఇది ఆళ్ళ వల" అన్నాడు తాతీలు.

తమ్ముడు అంత గట్టిగా చెప్పాక కాదంటాడా, తప్పుకున్నాడు. ఒకటి పడింది, రెండోది పడింది. మాస్టారు గట్టు మీద గెంతుతూ అరిచారు. ఉత్సాహపరుస్తున్నారనుకుని వీళ్ళు ఇంకా గట్టిగా తన్నారు. మూడు, నాలుగు. సరికి సరి అయిపోయింది. రేవుపాలెం వాళ్ళు తమకింక పని లేదని మైదానం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ గోలు కాసేవాడైతే జీళ్ళు కొనుక్కోడానికి బండి దగ్గరికి వెళ్ళాడు.

తాతీలు ఐదోది తన్నాడు. ఈసారి బంతి తిన్నగా వచ్చి మాసేనయ్య రొమ్ముకి కొట్టుకుని చేతుల్లో పడింది. ఆయన దాన్ని పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఈ వల ఆళ్ళదని తమ్ముళ్ళంటున్నారు. మనదని మాస్టారంటున్నారు. ఎవరిదో తేలేదాకా ఈ బంతి దీనికి దూరంగా ఉండడమే మంచిది. ఇలా అనుకుని, బలమంతా పెట్టి తన్నాడు. సముద్రం గాలి వెనక నుంచి తోసింది. బంతి కూర్చున్నవాళ్ళ నెత్తి మీదుగా ఎగిరి, అవతల రెండు గెంతులు గెంతి, కాపలా లేని గోలులోకి వెళ్ళిపోయింది. అంతే, ఆఖరి ఈల వేసేశారు. ఐదు నాలుగు.

తెడ్డుపాలెం గెలిచింది. ఎలా గెలిచారో వాళ్ళకీ తెలీదు, ఓడినవాళ్ళకీ తెలీదు. అప్పన్న మాత్రం మాట మీద నిలబడే మనిషి. "మాటంటే మాటే. సాయంత్రం కప్పు పట్టుకుని మా ఇంటికి రండి, తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నాడు.

కప్పు ఊరేగింపుగా ఇంటికొచ్చింది. దాసమ్మ హారతిచ్చింది. కొత్త చొక్కా తొడుక్కోవాలని తాతీలు కప్పుని వాకిట్లో అలా దించాడు. వాకిట్లో ఆరబెట్టిన వలలున్నాయి.

మాసేనయ్య గుండె బాదుకున్నాడు. "ఎంత పని చేశావురా తమ్ముడూ. మన వలలో పడేశావు."

అందరూ చూశారు. నిజమే, బిందెంత కప్పు, సొంత వలలో. మన వలలో పడింది మనకి నష్టమని మాస్టారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా. గెలిచిన కప్పు పోయింది, గౌరీ పోయినట్టే. దాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడుస్తారేటి? ఆళ్ళ వలలో వేస్తే లాభమే కదా" అన్నాడు మాసేనయ్య. తెలివంటే అదీ.

మైదానానికి పరిగెత్తారు. గోలు వలలు అప్పటికే విప్పి పట్టుకుపోయారు. అప్పన్న ఇంటికి వెళ్దామా అంటే, ఆయన వల ఇంట్లో లేదు. పొద్దున్నే సముద్రంలో వేసి, ఆట కోసమని తియ్యకుండా వచ్చేశాడు. ఒడ్డు నుంచి చూస్తే దాని బెండ్లు నీళ్ళ మీద తేలుతూ కనబడుతున్నాయి. ఇంకేముంది, పదకొండు మందీ పడవెక్కారు. అందరికంటే గట్టిగా తెడ్డు వేసింది తాతీలే. బెండ్ల దగ్గర పడవ ఆపి, కప్పుని కళ్ళకద్దుకుని, గౌరి పేరు చెప్పి లోపలికి వదిలాడు. బిందెంత ఇత్తడి ఆ సన్నదారం వలలో ఎక్కడ ఆగుతుంది. బుడుంగుమంది. చిల్లు చేసుకుని అడుక్కి పోయింది. పదకొండు మందీ పడవలో లేచి నిలబడి, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. ఆ కుదుపుకి పడవ ఒరిగి అందరూ తడిసి ముద్దయ్యారు.

తిన్నగా రేవుపాలెం వెళ్ళారు. దాసమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. గుమ్మంలో అప్పన్న తాంబూలాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు, పక్కన గౌరి కొత్త చీరలో ఉంది.

"కప్పేదిరా?" అన్నాడు అప్పన్న.

"నీ వలలోనే ఉంది మావా. అందరం కలిసెళ్ళి వేసొచ్చాం" అన్నాడు తాతీలు, బట్టల్లోంచి నీళ్ళు కారుతుండగా.

అప్పన్న సముద్రం వైపు చూశాడు, తాతీలు వైపు చూశాడు, మళ్ళీ సముద్రం వైపు చూశాడు. గౌరి మాత్రం నవ్వీ నవ్వీ గోడకి చేరగిలబడి, కళ్ళు తుడుచుకుని, తండ్రి చేతిలోంచి పళ్ళెం తీసి దాసమ్మ ఒళ్ళో పెట్టేసింది.

"ఇక ఖాయమే కదా మావా" అన్నాడు తాతీలు, అప్పన్న చెయ్యి పట్టుకుని. "ఒక్కటే మాట. పెళ్ళయ్యేదాకా ఆ వల తియ్యకు. తీశావంటే మా గోలు పోతాది."