తవిటయ్య గంట

ఉప్పు గుర్రమెక్కి కొండకు పోయే రోజుల్లో, సంతకూ సంతకూ మధ్య తప్ప కాలానికి మరో కొలత లేని రోజుల్లో, కనుమవలస అని ఒక ఊరు ఉండేది. వెనక కొండ, ముందు ఉప్పుమడులు, మధ్యలో జనం, వాళ్ళ నోళ్ళు. ఆ నోళ్ళలో ఉప్పు కన్నా కారం ఎక్కువని పక్క ఊళ్ళవాళ్ళు అనేవారు. అబద్ధం. రెండూ సమానమే.

ఆ ఊరికి మూడు గుర్రాలు. సంత రోజున అవి ఉప్పు మోసుకుని కనుమ ఎక్కేవి. పైన ఉప్పు దించి, రాగులూ సామలూ ఎత్తుకుని దిగేవి. ఉప్పు ఎక్కకపోతే కొండవాళ్ళ కుండలో రుచి లేదు. గింజ దిగకపోతే ఊరివాళ్ళ కుండలో ఏమీ లేదు.

ముందు నడిచేది పెద్దక్క. ముసలి ఆడగుర్రం, మెడలో ఇత్తడి గంట. నడుమ నడిచేది దొర. తెల్లటి ఒళ్ళు, ఎత్తిన మెడ, ఊరిపెద్ద నాయుడికున్నంత పొగరు. చివర నడిచేది పిల్లి. అదీ గుర్రమే. తన నీడకు తనే ఉలిక్కిపడుతుందని ఆ పేరు పెట్టారు. గుర్రానికి పిల్లి అని పేరు పెట్టి, పులిలా లేదేమని తిట్టే ఊరది.

పిల్లి వెనక తవిటయ్య.

తవిటయ్యకు ముందు ముగ్గురు పుట్టి దక్కలేదు. నాలుగోవాడైనా నిలవాలని, వాళ్ళమ్మ అతన్ని చేటెడు తవుడుకు పొరుగింటికి అమ్మి, మళ్ళీ కొనుక్కుంది. అలా కొనుక్కున్న బిడ్డకు ఆ పేరే పెడతారు. నిలిచాడు. నిలవడం తప్ప ఇంకేం చేశాడంటే మాత్రం ఊరు కాస్త ఆలోచించాల్సి వచ్చేది. జారిన గోతాం సర్దేవాడు. లద్దె బుట్టకెత్తేవాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. మీసం రాకముందు నుంచీ కనుమ ఎక్కుతున్నా, దారిలో అతను చూసింది గుర్రాల తోకలే.

ముందు పెద్దక్క, నడుమ దొర, వెనక పిల్లి, పిల్లి వెనక తవిటయ్య. లోకం అలా నడిచింది.

ఒక వేకువన పెద్దక్క లేవలేదు.

నాయుడు వచ్చి చూశాడు. తనకు తెలియని సంగతి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. "మిగతా రెండూ చూస్తే బెంగ పెట్టుకుంటాయి. అవి మేతకెళ్ళాక దీన్ని వాగు అవతల పూడ్చండి. గుర్రాల సాలంతా కడిగి పసుపునీళ్ళు చల్లండి, వాసన కూడా ఉండకూడదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ ఊళ్ళో తప్పులన్నీ మంచి మనసుతోనే జరిగేవి.

సాయంత్రం గుర్రాలు తిరిగొచ్చాయి. పెద్దక్క చోటు ఖాళీ. నేల వాసన చూశాయి. పసుపు వాసన. గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాయి. గడ్డి వేస్తే ముట్టలేదు.

సంత రోజు వచ్చింది. నాయుడు గంట తెచ్చి దొర మెడలో కట్టించాడు.

దొర ఒక అడుగు వేసింది. గంట మోగింది. దొర ఆగిపోయింది. పెద్దక్క గంట! ఎక్కడ? కుడికి తిరిగింది, గంట మోగింది. ఎడమకు తిరిగింది, గంట మోగింది. పెద్దక్కను వెతుక్కుంటూ గుండ్రంగా తిరిగి తిరిగి, గోతాం పిగిలి వీధంతా ఉప్పుతో ముగ్గు పోసింది. ఊరు పగలబడి నవ్వింది. తవిటయ్య నవ్వలేదు. అతనికి హాస్యం తెలియదని ఊరు తేల్చేసింది.

తర్వాతి సంతకు గంట పిల్లి మెడలో కట్టారు.

పిల్లి తిరగలేదు. గంట మోగగానే సకిలించింది. జవాబు కోసం చెవులు నిక్కించింది. అది కదలకపోతే గంట మోగదు కదా. మోగకపోతే తల విదిలించేది. గంట మోగేది. మళ్ళీ సకిలించేది, మళ్ళీ ఎదురుచూసేది. పొద్దెక్కేదాకా అంతే. ఒక్క అడుగు వేయలేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇళ్ళలో గింజ అడుగంటింది మరి. ఆకలికి ఆ ఊరి హాస్యం కూడా తగ్గేది.

పిండివంటలమ్మే పైడమ్మకు మాత్రం నోరు మూత పడలేదు. "దిష్టి తగిలిందంతే. మిరపకాయలు కట్టండి" అంది. కట్టారు. దొర ఆ మిరపకాయలు తినేసింది. పెద్దక్క పోయాక అది ఇష్టంగా నోట పెట్టిన మొదటి మేత అదే. పైడమ్మ ఇప్పటికీ ఆ ఘనత తనదేనంటుంది. అంటే, ఉన్నన్నాళ్ళూ అంది.

నాయుడు తవిటయ్యను పిలిచాడు. "ఒరే తవిటీ, ఇంకొక్క సంత చూస్తాను. అప్పటికీ కదలకపోతే సున్నపు గానుగవాళ్ళకు ఇచ్చేస్తాను. కళ్ళకు గంతలు కట్టి తిప్పుకుంటారు. వాటికి దారితో పనుండదు."

"బాబూ, అవి పోతే నేనెవరి ఎనక నడవాల?"

నాయుడు పాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. చివరి మాట వేరొకరికి వదలడం ఆయన బతుకులో అది మొదటిసారి.

ఆ సాయంత్రం తవిటయ్య రెండు గుర్రాలనూ పట్టుకుని వాగు దాటాడు. ఉపాయం తోచి కాదు. అతనికి ఉపాయాలు తోచవు. తనకు పెద్దక్కను చూడబుద్ధయింది, వీటిని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. అంతే.

మట్టి కుప్ప దగ్గర దొర వాసన చూసింది. పిల్లి వాసన చూసింది. అక్కడ పసుపు లేదు. దొర, అంత పొగరు దొర, మెడ వాల్చేసి పసిబిడ్డలా వణికింది. పిల్లి గిట్టతో మట్టి గీకింది, ఆగింది, మళ్ళీ గీకింది. తర్వాత ఒక పెద్ద ఊపిరి వదిలి, దొర మెడ మీద తన మెడ వేసి నిలబడింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక తవిటయ్య ఇద్దరి పక్కనా కూర్చుని ఏడ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు పిల్లి మెడలోని గంట విప్పాడు. దాన్ని ఇక వెతికించదలచుకోలేదు. ఒక చేతిలో దొర పగ్గం, ఇంకో చేతిలో పిల్లి పగ్గం. గంట పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. తన మెడలోనే వేసుకుని ముందుకు నడిచాడు.

గంట మోగింది. రెండు గుర్రాలూ తలలెత్తాయి. గంట ఎక్కడుందో ఈసారి కంటికి కనబడింది. తవిటయ్య దగ్గరుంది. పగ్గం బిగియకుండానే వెనక నడిచాయి.

మూడో సంత రోజున ఊరంతా వీధిలో నిలబడింది. ముందు తవిటయ్య, మెడలో గంటతో. నడుమ దొర. వెనక పిల్లి.

"ఏట్రా తవిటీ," అంది పైడమ్మ, "గంట కట్టుకున్నావు బాగుంది. గడ్డి కూడా తింటావేటి?"

"నీ బూరెలు తిన్న పళ్ళే కదప్పా, గడ్డి మెత్తగానే ఉంటాది."

అతనికి హాస్యం తెలుసని ఊరికి ఆ రోజు తెలిసింది.

తెలియనిది దారి. తోకలు చూసి నడిచినవాడికి ముందు దారి ఏం తెలుస్తుంది? మూడు దారుల బండ దగ్గరికొచ్చి నిలబడిపోయాడు. ఒకటి సంతకు, ఒకటి లోయకు, ఒకటి ఎలుగులున్న అడవికి. దొర వచ్చి అతని వీపులో మొహం దాచుకుంది. దొర గుండె ఎంతటిదో అప్పుడు బయటపడింది. అప్పుడు వెనక నుంచి పిల్లి వచ్చి, అతని భుజాన్ని ముట్టెతో కుడికి నెట్టింది.

కుడికి వెళ్ళాడు. సంత వచ్చింది. ఉప్పు దిగింది, గింజ ఎక్కింది. గానుగవాళ్ళు వట్టి పగ్గాలతో తిరిగిపోయారు.

ఆ తర్వాతి సంతకు బండ దగ్గర పిల్లి అతని పక్కకొచ్చి నడిచింది. ఆ పై సంతకు అతన్ని దాటి ముందుకెళ్ళింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, 'రావేం' అన్నట్టు చూసింది. తన నీడ తన ముందే పడింది. ఉలిక్కిపడలేదు.

తవిటయ్య గంట విప్పి దాని మెడలో కట్టాడు.

గంట మోగింది. పిల్లి ఎవరినీ వెతకలేదు. నడిచింది.

ముందు పిల్లి, నడుమ దొర, దొర వెనక తవిటయ్య. అతను మళ్ళీ తోకల దగ్గరికి వచ్చాడు. హాయిగా ఉందన్నాడు.

చాలా సంతలు గడిచాయి. ఒక వేకువన తవిటయ్య లేవలేదు.

నాయుడు, అప్పటికి చేతికర్ర పట్టుకున్నవాడు, వచ్చి చూశాడు. ఊరంతా ఆయన నోటి వైపు చూసింది. "గుర్రాలను తీసుకురండి. చూడనివ్వండి" అన్నాడు. దొర వచ్చి అతని చేతిని నాకింది. పిల్లి పాదాల నుంచి తల దాకా వాసన చూసి, ఊపిరి వదిలింది. పాడె వెనక ఆ రెండూ వాగు దాకా నడిచాయి. గంట మోసిన రోజుల తర్వాత, అతని వెనక ఎవరైనా నడవడం మళ్ళీ అప్పుడే.

సంత రోజు పిల్లి వీధి చివర ఆగింది. వెనక్కి చూసింది. దొర వెనక ఎవరూ లేరు. పిల్లి కదలలేదు.

ఊరు ఒకరి మొహాలొకరు చూసుకుంది. నాయుడు పాగా సర్దుకున్నాడు. చేతికర్ర పైడమ్మకిచ్చాడు. లద్దె బుట్ట చంకన పెట్టుకుని దొర వెనక నిలబడ్డాడు.

"బాబూ, ఆ బుట్ట తమకు బాగా నప్పింది" అంది పైడమ్మ.

"నోర్మూసుకోవే" అని ఆయన తోక వైపే చూస్తూ నడిచాడు. కొండ మీద ఉప్పు దించాక, మొట్టమొదటి చిటికెడు ఓ రాతి మీద పెట్టి, "తవిటీ, నీ దయరా" అన్నాడు.

ఇప్పుడు ఆ కనుమలో గుర్రాలు లేవు. ఎడ్లున్నాయి, మేకలున్నాయి, నోళ్ళు మాత్రం అవే ఉన్నాయి. అయినా అక్కడ జోడులో ఒక ఎద్దు పోతే, రెండోదాన్ని తీసుకొచ్చి చూపిస్తారు. పోయినదాని గంటను వెంటనే మరో మెడకు కట్టరు. మూడు సంతలు ఇంటి మనిషే మెడలో వేసుకుని తిరుగుతాడు, ఎంత పెద్దమనిషైనా సరే. చూసి నవ్వొచ్చు. ఆ ఊళ్ళో నవ్వకపోతేనే తప్పు.

తల్లి పోయిన ఇంట్లో అత్తో పిన్నో వచ్చి, పిల్లలు నిలదొక్కుకునేదాకా పొయ్యి వెలిగించి, ఆ తర్వాత మాట లేకుండా తన ఊరికి తాను వెళ్ళిపోతే, "తవిటయ్య గంట మోసింది తల్లి" అని చేతులెత్తి మొక్కుతారు.

ఉప్పు కొండెక్కింది, గింజ ఇల్లు చేరింది. తిన్నవాళ్ళు తలుచుకోండి.