కనుమదారిలో ముద్ర లేని బండి

ఆ రాజ్యంలో బండి దారి ఎక్కాలంటే, అధికారి దాన్ని పరీక్షించి ఇరుసు మీద ముద్ర కొట్టాలి. ఉప్పుబండి తోలే కోనప్ప నిరుటి నుంచీ కాళ్ళరిగేలా తిరిగినా, అధికారి ప్రతాపరాయుడు "రేపు రా" అనడమే. ఇంట్లో పొయ్యి వెలగక, కోనప్ప గుండె చిక్కబట్టుకుని ముద్ర లేకుండానే బండి కట్టాడు.

పొద్దు వాలుతుండగా, ఇరుకు కనుమదారిలో వెనక నుంచి ఆ అధికారి గుర్రబ్బండే వచ్చింది.

"ఆపరా. ముద్ర లేని చక్రం ఒక్క చుట్టు తిరిగినా నీ తల తీయిస్తా. రేపు భటుల్ని పంపి బండిని తగలబెట్టిస్తా."

కోనప్ప ఎడ్లను విప్పి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?"

"తమరి ఆజ్ఞే దొరా. బండి కదలదు."

ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. గుర్రబ్బండి ముందుకు పోలేదు, వెనక్కి తిరగలేదు. ఇంతలో పై పొదల్లో చిరుతపులి గురగురమంది.

"బండి తియ్యరా" అన్నాడు అధికారి.

"తియ్యలేను దొరా. చిరుత తింటే నేనొక్కణ్ణే పోతాను. బండి తగలబడితే ఇంటిల్లిపాదీ పోతాం."

ప్రతాపరాయుడు కిందికి దూకి, చక్రాలు ఊపి చూసి, సంచిలోంచి ముద్ర తీసి ఇరుసు మీద కొట్టాడు. నిరుటి నుంచీ తెమలని పరీక్ష, చిరుత మళ్ళీ గురగురమనేలోగా అయిపోయింది.