చంద్రుడి వేడి, ఆదెమ్మ చెయ్యి

కొండలరావు మాస్టారిని ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. "పద, టీ తాగొద్దాం" అంటారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సుభాషిణికి ఆ రోజు ఆ మాట వింటేనే ఒళ్ళు మండింది.

మండదూ మరి! కాలేజీ మేడ మీద పాత టీవీ డిష్షుతో తను కట్టుకున్న రేడియోమీటరు, చంద్రుడి నుంచి మైక్రోతరంగాలుగా వచ్చే కాస్తంత వేడిని పట్టుకోవాలి. మూడు నెలలుగా అది పట్టుకున్నది తన సొంత వేడి పుట్టించే గోలనే. ఆ గోలలో చంద్రుడు వినబడతాడేమోనని ఆమె యాంప్లిఫయరు పెంచుతూ పోయింది. దాంతో గోల కూడా అంతకంతా పెరిగింది. సోమవారం కమిటీకి ఫలితం చూపించకపోతే సీటు పోతుంది, పాపం.

"యంత్రం తనే ఇంత వేడిగా ఉంటే, దానికి చంద్రుడి వెచ్చదనం ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది. దానికి ఆయన చెప్పిన జవాబే ఆ టీ.

క్యాంటీన్‌లో వంటచేసే ఆదెమ్మ మూడేళ్ళ మనవరాలు బల్ల మీద వాడిపోయి పడుకుని ఉంది. "కాస్త చూడమ్మా, పిల్లకి ఒళ్ళు వెచ్చబడిందేమో" అంది ఆదెమ్మ పెనం దగ్గర నుంచే. సుభాషిణి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. అంతసేపూ మేడ మీద ఎండకు కాలిన యంత్రం ఇనప్పెట్టెను పట్టుకున్న చెయ్యి అది.

"ఏం లేదు ఆదెమ్మా, చల్లగానే ఉంది."

ఆదెమ్మకు నమ్మకం కుదరలేదు. అట్లకాడ పక్కన పెట్టి వచ్చింది. పిల్ల నుదురు తాకి చూసింది. "ఏమనుకోకండి మాస్టారూ, కాస్త తల వంచండి" అని ఆయన నుదురూ తాకింది. మళ్ళీ పిల్లది, మళ్ళీ ఆయనది. కళ్ళు మూసుకుని, తొందరపడకుండా, అలా ఏడెనిమిది సార్లు చూసింది.

"ఉందమ్మా. కొంచెమే, గానీ ఉంది."

ఆఫీసు నుంచి థర్మామీటరు తెప్పించి పెడితే తొంభై తొమ్మిదిన్నర చూపించింది. పిల్లకు మందు పట్టారు. సుభాషిణి మాత్రం టీ గ్లాసు అలాగే వదిలేసి మేడెక్కింది.

పగటి చంద్రుడు తాటిచెట్ల మీదుగా తెల్లగా కనిపిస్తున్నాడు. ఆమె డిష్షును చంద్రుడి వైపు తిప్పి అంకె రాసుకుంది, పక్కనున్న ఖాళీ ఆకాశం వైపు తిప్పి మరో అంకె రాసుకుంది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. చేతులు లాగేసినా ఆపలేదు. యాభై సార్లయ్యాక సగటు తీసి చూసుకుని, మెట్లు రెండేసి దిగుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఉన్నాడు మాస్టారూ! కొంచెమే, గానీ ఉన్నాడు! విచిత్రం, యంత్రం ఇంకా అంతే వేడిగా ఉందండీ!"

మాస్టారు నుదురు రుద్దుకున్నారు.

"ఆదెమ్మ చెయ్యి మాత్రం చల్లగా ఉందనుకున్నావుటమ్మా?"