దమ్ చూసుకో

రేయ్, దమ్ముంటే ఇది నమ్ము. నమ్మవులే, తెలుసు. అయినా చెప్తా.

ఖలీల్ అని ఒకడు. డిప్లొమా చదివి, చేతికొచ్చిన ఉద్యోగం వద్దనుకుని, కొండమీది దర్గాలో బాబా దగ్గర చేరాడు. చేరిన రోజు బాబా అన్నది ఒకే మాట.

"వంటింట్లో కూర్చో బేటా. దమ్ చూసుకో."

ఆ దర్గాలో వచ్చినోళ్లందరికీ అన్నం పెడతారు. ఇంత లావు ఇనప పొయ్యి, నిండా కట్టెలు, పక్కన గాలి కొట్టే ఫ్యాను. అన్నం దేక్సా మూతకి ఆవిరి పోకుండా పిండి అద్ది దమ్‌కి పెట్టాక, ఆ ఫ్యాను రెగ్యులేటర్ తిప్పుకుంటా కూర్చోవాలి. గాలి ఎక్కువైతే అడుగంటుద్ది. తక్కువైతే వంటిల్లంతా పొగ.

ఏడాది కూర్చున్నాడు. బాబా ఇంకో పని చెప్పలా, ఇంకో మాట చెప్పలా. వీడి తర్వాత చేరిన యాకూబ్‌కి మాత్రం పిలిచి తస్బీ ఇచ్చాడు. జపమాల అన్నమాట. అది చేతికొస్తేనే అక్కడ శిష్యుడని లెక్క.

యాకూబ్ ఊరుకుంటాడా? తస్బీ వేళ్లకి చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం ఖలీల్ భాయ్, ఉడికేది అన్నమా, నువ్వా?"

ఖలీల్‌కి ఒళ్లు మండిపోయింది. టౌనుకెళ్లి సెన్సార్ కొన్నాడు, ఏవో వైర్లు కలిపాడు, ఫ్యానుకి ఒక డబ్బా బిగించాడు. వేడి తగ్గితే ఫ్యాను తనే జోరందుకుంటది. పెరిగితే తనే నెమ్మదిస్తది. మనిషితో పన్లేదు. అడుగంటింది లేదు, పొగ లేదు. మామూలోడు కాదురా వాడు.

నేరుగా వెళ్లి అందరి ముందూ అనేశాడు.

"బాబా, దమ్ ఇక ఆ ఫ్యానే చూసుకుంటది. నాకు అసలు పాఠం చెప్పండి."

బాబా లేచి వంటింట్లోకొచ్చాడు, వెనకే యాకూబ్. ఖలీల్ రోజూ కూర్చునే పీట మీదే బాబా కూర్చున్నాడు. ఫ్యాను జోరందుకుంది, నెమ్మదించింది, మళ్లీ జోరందుకుంది. పక్కన ఖలీల్ ఆయాసపడతా ఏ వైరు ఎందుకో చెప్పేస్తున్నాడు.

"ఎంత నిదానంగా పీలుస్తోందో. ఎంత నిదానంగా వదులుతోందో," అన్నాడు బాబా.

జేబులోంచి తస్బీ తీశాడు. కొత్త పూసలు, కొత్త దారం. ఖలీల్ కోసం గుచ్చిందే. వీడు రెండు చేతులూ చాపాడు.

బాబా దాన్ని తీసుకెళ్లి ఫ్యాను డబ్బాకి తగిలించాడు.

"బాబా! అది మిషన్!"

"ఊఁ. అది కూర్చుంది. నువ్వు లేచిపోయావు."

"మీరు చెప్పిందేగా చేశా? దమ్ చూసుకోమన్నారు, చూశా! ఏడాది పాటు పొగ మింగా!"

బాబా దగ్గరికొచ్చాడు. అరచెయ్యి తెచ్చి వాడి రొమ్ము మీద పెట్టాడు. లోపల ఊపిరి కొలిమి తిత్తిలా కొట్టుకుంటోంది.

"ఈ దమ్, బేటా."

అని వెళ్లిపోయాడు. యాకూబ్ కూడా నవ్వలేదు.

ఫ్యాను గాలికి తస్బీ ఊగుతోంది. తీసుకోవచ్చు. ఆపేవాళ్లెవరూ లేరు. ఖలీల్ చెయ్యి దాని దాకా తీసుకెళ్లి మళ్లీ

ఆఁ వస్తున్నా అమ్మా!! రేయ్, పొయ్యి మీద పాలంట, పోయి చూసుకోమంటోంది