రాజుగారు పల్లకీ మోసిన రోజు

మనుషుల భుజాల మీద పల్లకీలు తిరిగిన ఆ కాలంలో, రుద్రసేనుడనే రాజు వైద్యుడి మాట విని అన్నం మానేశాడు. మాంసం, నెయ్యి, మీగడతోనే గడిపాడు. కొన్నాళ్లకు పొట్ట కరిగింది, ఆయాసం తగ్గింది. ఆ సంబరంలో తన పల్లకీ మోసే బోయీలు కూడా అన్నం ముట్టకూడదని ఆజ్ఞాపించాడు.

వారం తిరక్కుండానే కొండదారిలో బోయీల కాళ్లు వణికాయి. పల్లకీ ఆగిపోయింది.

"నాకు పడిన తిండి మీకెందుకు పడదు?" అని రాజు కసిరాడు.

పెద్దబోయీ అంకన్న చేతులు కట్టుకున్నాడు. "మేం మొన్ననే మొదలుపెట్టాం ప్రభూ. తమరు ఎన్నాళ్లుగానో తింటున్నారు కాబట్టి మాకంటే బలం ఉంటుంది. ఒక్కసారి పల్లకీ బొంగు పట్టి మాకు ధైర్యం చెప్పండి."

రాజు హుషారుగా భుజం పెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి కళ్లు తిరిగి బండ మీద కూలబడ్డాడు.

"కూర్చునే వాళ్లకు ఇది మంచి తిండే ప్రభూ" అన్నాడు అంకన్న మెల్లగా.

రాజు నవ్వేశాడు. తర్వాత కొండకేసి చూస్తూ అంకన్నతో అన్నాడు.

"చిన్నప్పుడు మీ నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని ఇదే కొండ ఎక్కేవాడు. పైన కూర్చుని తన మూటలోని చద్దన్నం, ఉల్లిపాయ నాకూ పెట్టేవాడు. ఆ రుచి మళ్లీ దొరకలేదు."

"మా ఇల్లు కొండ కిందే ప్రభూ."

ఆజ్ఞ అక్కడే రద్దయింది. రాజు మళ్లీ పల్లకీ ఎక్కలేదు. అంకన్న భుజం మీద చెయ్యి వేసి, చద్దన్నం కోసం కొండ దిగాడు.