చౌడయ్య కాళ్ళు

అనగా అనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఒక ఊళ్ళో, చౌడయ్య అని ఒక నేతగాడు ఉండేవాడమ్మా. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు మరి.

చౌడయ్యది గుంట మగ్గం. అంటే నేలలో గొయ్యి తీసి, అందులోకి కాళ్ళు వేలాడేసి, గట్టు మీద కూర్చుని నేస్తారన్నమాట. పొద్దున్నే అందులోకి దిగితే దీపాలు పెట్టేవేళకి గానీ పైకి వచ్చేవాడు కాదు. కాఫీ మగ్గం దగ్గరికే వచ్చేది. మంచినీళ్ళు మగ్గం దగ్గరికే వచ్చేవి. నూలు తెచ్చే ఆటో గుమ్మంలోకే వచ్చేది. పక్కవీధికి వెళ్ళాలన్నా మోపెడ్ తీసేవాడు.

ఆయన భార్య శంకరమ్మ. ఆవిడ మోటారు మీద నూలుని చిన్న గొట్టాలకి చుట్టి, ఆ కండెలు ఇస్తుంటే, ఆయన చీర నేసేవాడు. ఇద్దరూ ఒకరికొకరు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఉండేవారు.

ఒకరోజు భోజనానికి లేవబోతే చౌడయ్య కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. గోడ పట్టుకుని నిలబడ్డాడు. "ఏమైందండీ?" అంది శంకరమ్మ. "ఏం లేదులే, చీమలు పాకినట్టుంది" అన్నాడు.

ఆ తర్వాత వారానికి, ఊరి ఆసుపత్రి నుంచి ఫ్లోరమ్మ అనే నర్సమ్మ వచ్చింది. వేలు గుచ్చి, రక్తం చూసి, మొహం సీరియస్‌గా పెట్టింది.

"బాబాయ్, సుగరు బాగా ఎక్కువుంది. డాక్టరుగారు మాత్రలు రాస్తారు. కానీ మాత్రలొక్కటే చాలవు. నడవాలి."

"నడిస్తే మగ్గం ఎవరు నేస్తారమ్మా? నాకు తీరికెక్కడిది?"

"తీరిక చేసుకోమని ఎవరన్నారు? పడుగులో పేక కలిపినట్టు, పనిలోనే నడక కలుపుకో. గంటకోసారి గుంటలోంచి లే. నూలు నువ్వే నడిచి వెళ్ళి తెచ్చుకో. లేకపోతే ఈ కాళ్ళు ఒకరోజు నీ మాట వినవు, చెబుతున్నా."

చౌడయ్య సరే సరే అన్నాడు. నర్సమ్మ వీధి మలుపు తిరగ్గానే మళ్ళీ గుంటలోకి దిగాడు. మాత్రలు వేసుకున్నాడు గానీ, అడుగు మాత్రం వెయ్యలేదు.

అప్పుడేమైందో విను.

శ్రావణమాసం. మిట్టమధ్యాహ్నం. శంకరమ్మ నాలుగిళ్ళ అవతలికి పేరంటానికి వెళ్ళింది. చౌడయ్య ఒక్కడే నేస్తున్నాడు. ఉన్నట్టుండి ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. వీధి కాలవ పొంగింది. నీళ్ళు గడప దాటి, గదిలోకి వచ్చి, బుడబుడమంటూ గుంటలోకి దిగాయి.

పాదాలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. చౌడయ్యకి చల్లదనం తెలియనేలేదు! తొడలకి తగిలాకే వంగి చూసుకున్నాడు.

లేద్దామని గట్టు మీద చేతులు ఆన్చాడు. కాళ్ళు కదల్లేదు. మగ్గం కొయ్య పట్టుకుని లాక్కున్నాడు. కదల్లేదు. "రండ్రా, ఎవరైనా రండ్రా!" అని గొంతు చించుకుని అరిచాడు. వాన హోరులో ఆ కేక గది దాటలేదు.

అప్పుడు కనిపించిందమ్మా, అవతల మూల. కండెలు చుట్టే మోటారుకి కరెంటు తీగ, ఆ తీగ చివర నేల మీద ప్లగ్గుల పెట్టె. ఎర్రదీపం వెలుగుతోంది. గదిలో నీళ్ళు నెమ్మదిగా ఆ పెట్టె వైపే పాకుతున్నాయి. జానెడు దూరం. బెత్తెడు దూరం. చౌడయ్య చెయ్యి చాచాడు. అందలేదు.

ఆ క్షణాన్నే గుమ్మంలో శంకరమ్మ. తడిసి ముద్దయింది. "అయ్యో, ఏవండీ!" అంటూ గడప మీద కాలు పెట్టబోయింది.

"లోపలికి రాకు!" అని చౌడయ్య అరిచిన అరుపుకి ఆవిడ అలాగే ఆగిపోయింది. "నీళ్ళల్లో కాలు పెట్టావంటే నా మీద ఒట్టే! అరుగెక్కు! మెయిను కట్టెయ్యి!"

అరుగు ఎత్తుగా ఉంది గనక పొడిగా ఉంది. శంకరమ్మ ఎక్కింది. అరుగు మీదున్న పొడిగుడ్డతో చెయ్యి తుడుచుకుంది, ఇంకోసారి తుడుచుకుంది. గోడకున్న మెయిను పిడి టక్కున కిందికి లాగింది.

ఎర్రదీపం ఆరిపోయింది. గుంటలో చౌడయ్య మనసులోనే అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు పెట్టె మీదుగా వెళ్ళిపోయాయి. ఏమీ కాలేదు.

అప్పుడు శంకరమ్మ పరుగున వచ్చి, ఆయన చంకల కింద చేతులు వేసి, బరబరా పైకి ఈడ్చింది. ఇద్దరూ బురదలో కూలబడ్డారు. చౌడయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని అన్నాడు. "నాకేమైనా అయితే అయ్యేది. నువ్వు ఒక్క అడుగు వేసి ఉంటే... నన్ను లేపడానికి వచ్చి నువ్వు పోయేదానివే."

ఏడ్చాడమ్మా. పెద్దాయన, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రానికి తిమ్మిరి వదిలి కాళ్ళు కదిలాయి. మర్నాడు శంకరమ్మ ఏం చేసిందో తెలుసా? మోపెడ్ తాళాలు తీసుకెళ్ళి తన తమ్ముడి చేతిలో పెట్టేసింది. ప్లగ్గుల పెట్టెని గోడ మీదికి ఎత్తించింది. మంచినీళ్ళ కుండని పెరటి చివర పెట్టింది. కండెల బుట్టని వీధిగదిలో పెట్టింది.

"ఏమే, కండెలేవి?"

"వీధిగదిలో. వెళ్ళి తెచ్చుకోండి."

"దాహమేస్తోందే!"

"కుండ పెరట్లో ఉంది."

చౌడయ్య విసుక్కున్నాడు, లేచాడు. మళ్ళీ విసుక్కున్నాడు, మళ్ళీ లేచాడు. మొదటివారం నూలు తేవడానికి నేతగాళ్ళ సొసైటీకి వెళుతూ దారిలో మూడు అరుగుల మీద కూర్చున్నాడు. రెండోవారం ఒక్క అరుగు మీదే. ఆ తర్వాత ఎక్కడా కూర్చోలేదు. ఎవరితోనైనా పనుంటే ఫోను చెయ్యకుండా వాళ్ళింటికే నడిచి వెళ్ళేవాడు. ఫ్లోరమ్మ మళ్ళీ వచ్చి వేలు గుచ్చి చూసింది. "తగ్గుతోంది బాబాయ్. కానీ ఆపావో, మళ్ళీ మొదటికే" అంది.

ఇలా దీపావళి దాటింది.

ఒకరోజు పొద్దున వీధిలో పడుగు సాగదీశారు. పడుగంటే చీరల నిలువు దారాలు. వీధి పొడవునా పరిచి, గంజి పెట్టి, ఈ పక్కొకరు ఆ పక్కొకరు పెద్ద కుంచె పట్టుకుని, దువ్వుతూ అటూ ఇటూ నడవాలి. అది మూడిళ్ళవాళ్ళ పడుగు. గంజి పచ్చిగా ఉండగా వాన పడితే దారాలన్నీ అతుక్కుని, పడుగంతా పీచు అయిపోతుంది.

సగంలో ఉండగా తూర్పున మబ్బు లేచింది. సరిగ్గా అప్పుడే, కుంచె పట్టిన కుర్రవాళ్ళలో ఒకడు జ్వరంతో తూలి కూర్చుండిపోయాడు. కుంచె రెండో చివర పట్టుకున్న సోమలింగం చుట్టూ చూశాడు. అందరి చేతులూ పడుగుని లాగిపట్టిన తాళ్ళ మీదున్నాయి. ఖాళీగా ఉన్నది చౌడయ్య ఒక్కడే. పదేళ్ళుగా ఆయన్ని ఎవరూ ఈ పనికి పిలవలేదు.

"మావా, నీ వల్ల కాదులే" అన్నాడు సోమలింగం.

చౌడయ్య ముందుకొచ్చాడు. కుంచె అందుకున్నాడు.

ఒక వరస వెళ్ళారు, వచ్చారు. ఉరిమింది. రెండో వరస వెళ్ళారు, వచ్చారు. చౌడయ్య పిక్కలు పట్టేస్తున్నాయి. చల్లగాలి కొట్టింది. మూడో వరసలో ఆయన కాలు మెలిక పడింది. వీధంతా ఊపిరి బిగపట్టింది. శంకరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చౌడయ్య పళ్ళు బిగించి, కుంచె వదలకుండా, అడుగు సరిచేసుకుని, చివరిదాకా నడిచాడు.

"చుట్టండ్రా!" అన్నాడు.

పదిచేతులు పడ్డాయి. పడుగు గబగబా చుట్టుకుపోయింది. ఆఖరి చుట్టు గుమ్మం లోపలికి వెళ్ళడం, టపటపా చినుకులు రాలడం ఒక్కసారే!

చూరు కింద అందరూ రొప్పుతూ నిలబడ్డారు. సోమలింగం తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "ఎల్లుండి మా పడుగుంది. ఎవరెవరు వస్తారు?" అన్నాడు. ఒక్కొక్కరూ చెయ్యెత్తారు.

అప్పుడు వెనకనుంచి చౌడయ్య కూడా చెయ్యెత్తాడు. ఈసారి "నీ వల్ల కాదు" అని ఎవ్వరూ అనలేదు.

చినుకులేమో చూరు కిందికి,
చౌడయ్యేమో సొంత ఇంటికి,
కథ నడిచింది కంచి దారికి,
కళ్ళు మూసుకుని మనం నిద్దరకి.